మోర్కమ్ వాక్యం

హెస్టర్ లమ్ ఆ పుస్తకం కోసం నాలుగు వందల పదమూడు ఉదాహరణ వాక్యాలు రాసింది. వాటిలో నాలుగు వందల పన్నెండు ఎవరి జోలికీ పోలేదు.

ఆమె పనిచేసే ఆఫీసు ఉత్తర ఇంగ్లండులో, హాలిఫాక్స్‌లో ఒక పాత ఉన్ని గోదాము పై అంతస్తులో ఉండేది. బడిపిల్లల పుస్తకాలు వేసే చిన్న కంపెనీ. కాస్త ఎండ కాసిందంటే చాలు, నేల చెక్కల సందుల్లోంచి ఎప్పటిదో ఉన్ని జిడ్డు వాసన పైకి వచ్చేది. హెస్టర్‌కి ఆ వాసన ఇరవై ఆరేళ్లుగా అలవాటు. పెళ్లి చేసుకోలేదు. పెద్ద పట్నం వెళ్లలేదు. వ్యాకరణ పుస్తకాలు, డిక్టేషన్ పుస్తకాలు, చేతిరాత పుస్తకాలు ఎన్నో ఆమె చేతుల మీదుగా వెళ్లాయి గానీ, ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు.

1954లో కంపెనీ పర్యాయపదాల పుస్తకం ఒకటి తలపెట్టింది. ఒకటే అర్థం అనిపించే మాటల మధ్య తేడా ఏమిటో హైస్కూలు పిల్లలకు విడమర్చి చెప్పే పుస్తకం. పనిని నలుగురికి పంచారు. హెస్టర్ వాటాకు మొదట వచ్చినవి కలవడానికి సంబంధించిన క్రియలు. మనుషులో, వస్తువులో, దారులో ఒకచోటికి చేరడాన్ని చెప్పే మాటలు ఇంగ్లీషులో ముప్పై నాలుగు తేలాయి.

సంపాదకుడు మిస్టర్ ఆగ్డెన్ భారీ మనిషి. మూడంతస్తుల మెట్లెక్కి వచ్చాక పావుగంట దాకా ఆయనకి మాట వచ్చేది కాదు. మాట వచ్చాక ఆపడం ఎవరి తరమూ కాదు.

"మిస్ లమ్, నాకు రాజులొద్దు, సైన్యాలొద్దు. ఉన్న పుస్తకాలన్నిట్లోనూ సైన్యాలే కూడుతున్నాయి, పార్లమెంట్లే సమావేశమవుతున్నాయి. పక్క ఊరు ఎలండ్‌లో పదిహేనేళ్ల పిల్లకి పార్లమెంటుతో ఏం పని చెప్పండి? వాళ్ల వీధిలో జనం ఎలా కలుస్తారో అది రాయండి. ప్రాణమున్న వాక్యం కావాలి నాకు."

"ప్రాణమున్న వాక్యం ఎక్కడ దొరుకుతుందండీ?" అంది హెస్టర్.

"బస్సులో దొరుకుతుంది. కసాయి కొట్టు దగ్గర దొరుకుతుంది. డిక్షనరీలో మాత్రం దొరకదు."

హెస్టర్ ఆ మాటను మనసుకు పట్టించుకుంది. చేతిసంచిలో చిన్న చీటీల కట్ట పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. 'గ్యాదర్' అంటే ఎవరూ పిలవకపోయినా జనం పోగవడం. దానికి వాన వెలిశాక చేపల బండి చుట్టూ మూగిన ఆడవాళ్లు దొరికారు. 'అసెంబుల్' అంటే పని మీద, ఒక పద్ధతిలో చేరడం. మిల్లు గేటు ముందు తొమ్మిదింటికల్లా బూరలు తుడుచుకుని నిలబడిన బ్యాండు వాళ్లను అక్కడ పెట్టింది. 'కన్వీన్' అనాలంటే పిలిచే హక్కు ఉన్నవాడు ఒకడుండాలి. చర్చి పెద్ద ఉత్తరాలు రాసి కమిటీని రప్పించాడు. చెదిరిపోయినవాళ్లు తిరిగి ధైర్యం తెచ్చుకుని ఒక్కటైతే 'ర్యాలీ'. అయిదు గోల్సు తిన్న మన ఊరి జట్టు కెప్టెన్ చుట్టూ చేరింది. 'మస్టర్' దగ్గర, జలుబుల రోజుల్లో పిల్లల్ని కూడగట్టబోయి తొమ్మిదిమందితో సరిపెట్టుకున్న ఆదివారపు బడి టీచరమ్మ వచ్చి కూర్చుంది.

ఆగ్డెన్ చదివి పొట్ట కదిలేలా నవ్వేవాడు. పక్క గదిలో వాళ్లని పిలిచి మరీ వినిపించేవాడు. నలభై తొమ్మిదేళ్ల వయసులో హెస్టర్‌కి మొదటిసారి తన పని రుచి తెలిసింది.

చివర్లో రెండు మాటలు మిగిలాయి. 'రీయునైట్', 'రికన్సైల్'. మొదటిది విడిపోయినవాళ్లు మళ్లీ కలుసుకోవడం. రెండోది మనసులు కలిసిపోవడం. పిల్లలు ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. రెండూ పక్కపక్కన నిలబడే ఒకే వాక్యం కావాలి, తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. పదకొండు రోజులు చూసింది. రాసిందల్లా కొట్టేసింది. తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం, కిటికీ మీద జల్లు కొడుతుంటే, కలం ఎత్తకుండా రాసేసింది:

'రెండేళ్ల తర్వాత, ఈస్టర్ నాడు, అతను మోర్కమ్ నుంచి తిరిగి వచ్చాడు; భార్యాభర్తలు మళ్లీ కలుసుకున్నారు. కలిసిపోయారని మాత్రం అనలేం: అతనికి టీ పోసేటప్పుడు ఆమె ఇప్పటికీ తలెత్తి చూడదు.'

అది ఆమె సొంత చెల్లెలి సంగతి.

చెల్లెలు ఆల్మా ఆమె కంటే ఆరేళ్లు చిన్న. ఎలండ్‌లో కాపురం. ఆల్మా భర్త ఎర్నెస్ట్ హెల్లివెల్ మిల్లులో మగ్గాలు సరిచేసే మేస్త్రీ. మాట తక్కువ మనిషి, చేతిలో పనితనం ఉన్నవాడు. 1947లో, ఆ ఏడు పడ్డ పెద్ద మంచు కరిగీ కరగకముందే, అతను ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. మోర్కమ్‌లో, సముద్రపు ఒడ్డున, అద్దెకు గదులిచ్చుకునే ఒక వితంతువు దగ్గర ఉన్నాడు. ఆల్మా వీధిలో అందరికీ మా ఆయన బారో ఓడల కార్ఖానాలో పనికెళ్లాడని చెప్పింది. ఆరేళ్ల కూతురు మేరియన్‌కీ అదే చెప్పింది. నిజం చెప్పుకుని ఏడ్చింది హెస్టర్ ఒక్కదాని దగ్గరే.

రెండేళ్లకు ఈస్టర్ శనివారం నాడు ఎర్నెస్ట్ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆల్మా తలుపు తీసింది. అంతే. వీధిలో ఎవరూ ఏమీ అడగలేదు, అడగకపోవడం ఆ వీధి మర్యాద.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నాలుగింటికి హెస్టర్ బస్సెక్కి చెల్లెలింటికి టీకి వెళ్లేది. హ్యామ్ ముక్కలు, బీట్‌రూట్ పచ్చడి, డబ్బాలో పీచు పళ్లు, ఆల్మా చేతి సోంపు కేకు. ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఆల్మా మొగుడి వంక చూసేది కాదు. కప్పు నింపి అటు జరిపేది, కళ్లు మాత్రం కప్పు మీదే. హెస్టర్ ఇది ప్రతివారం చూసింది. చూసి, పాపం అనుకుంది. ఆ బుధవారం కలం పట్టుకున్నప్పుడు ఆ కళ్లే గుర్తొచ్చాయి.

ఆగ్డెన్ ఆ చీటీ చదివి నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిస్ లమ్, పుస్తకం మొత్తం ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు."

తీసేసే అవకాశం ఆమెకు లేకపోలేదు. ఏడాదిన్నర తర్వాత అచ్చు కాగితాలు దిద్దుబాటుకు వచ్చాయి. ఆ పేజీ దగ్గర పెన్సిల్ ఎత్తి ఆగింది. మోర్కమ్ కొట్టేసి స్కార్‌బరో అని, ఇంకో సముద్రపు ఊరు పేరు పెడదామా అనుకుంది. ఈస్టర్ బదులు క్రిస్మస్ అందామా అనుకుంది. పెట్టి చూసింది. వాక్యం నడక చెడింది, ఎక్కడో కుంటినట్టయింది. పర్యాయపదాల పుస్తకం ఎవడు పట్టుకుని చదువుతాడు, అందులోనూ తొంభై ఒకటో పేజీ, అనుకుని రబ్బరుతో చెరిపేసి మొదటి మాటలే ఉంచింది. తర్వాతి రోజుల్లో ఆమె తనను తాను ఎన్నోసార్లు ప్రశ్నించుకుంది, ఆ రోజు తనకు అడ్డొచ్చింది వాక్యం నడకా, ఆగ్డెన్ తుడుచుకున్న కళ్లజోడా అని. జవాబు తెలిసే ప్రశ్నించుకునేది.

పుస్తకం 1956 సెప్టెంబరులో బళ్లకు చేరింది.

అక్టోబరులో రెండో ఆదివారం. హెస్టర్ కోటు తగిలించి లోపలికి వచ్చేసరికి మేరియన్ గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది. పదిహేనేళ్ల పిల్ల, పొడుగు, అచ్చం తండ్రి చుబుకం. చేతిలో ఆకుపచ్చ అట్ట పుస్తకం.

"ఆంటీ హెస్టర్! మా క్లాసులో ఇచ్చారు! మా టీచర్‌కి చెప్పా, ఇది మా ఆంటీ రాసిందీ అని. నమ్మలేదు. పేరేదీ అంది."

"నేనొక్కదాన్నే రాయలేదమ్మా, నలుగురం రాశాం."

"చేపల బండి వాక్యం మీరు రాసిందే కదా? బండి దగ్గర మూగింది మన వీధి మిసెస్ గాంట్ కదూ? నాకు చదవగానే తెలిసిపోయింది."

ఎర్నెస్ట్ నవ్వాడు. "మిసెస్ గాంట్ పుస్తకంలోకి ఎక్కిందా? ఇంక ఆవిణ్ణి పట్టలేం."

"కూర్చోండి, టీ చల్లారిపోతుంది," అంది ఆల్మా.

హెస్టర్ కూర్చుంది గానీ కళ్లు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. మేరియన్ రొట్టె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని ఒక్కో వాక్యం చదవసాగింది. బ్యాండు వాళ్లు వచ్చారు. చర్చి కమిటీ వచ్చింది. జలుబుల టీచరమ్మ దగ్గర ఆల్మా కూడా నవ్వేసింది.

"ఇంక చాల్లే, తిండి దగ్గర చదువేమిటి," అంది హెస్టర్.

"ఒక్కటే. మా టీచర్‌కి అన్నిటికన్నా నచ్చింది ఇదే. బోర్డు మీద రాసి తేడా చెప్పమంది. నేను ఆ రోజు దంతాల డాక్టరు దగ్గరికి వెళ్లా, వినలేదు. తొంభై ఒకటి... ఇదిగో."

హెస్టర్ చెయ్యి చాపింది. "ఏదీ, ఇటివ్వు, నేను చదువుతా."

"ఊహూఁ. నేనే." పిల్ల పుస్తకాన్ని వెనక్కి లాక్కుని, గొంతు సవరించుకుని, టీచరు ఫక్కీలో మొదలుపెట్టింది.

రెండేళ్ల తర్వాత. ఈస్టర్ నాడు. మోర్కమ్ నుంచి.

ఆ పిల్ల గొంతు మధ్యలో నెమ్మదించింది గానీ ఆగలేదు. ఆపడం చేతకాక చివరిదాకా చదివేసింది. టీ పోసేటప్పుడు ఆమె ఇప్పటికీ తలెత్తి చూడదు, అని చదివి, తల్లి వైపు చూసింది. ఆల్మా చేతిలో టీ కుండ ఉంది. ఎర్నెస్ట్ కప్పు ఆమె ముందు ఉంది.

ఆల్మా కుండను కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

ఎర్నెస్ట్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "కోళ్లకి నీళ్లు పెట్టలేదు," అని పెరట్లోకి వెళ్లిపోయాడు.

"అమ్మా," అంది మేరియన్. "నాన్న ఉన్నది బారోలో కదా?"

ఆల్మా బల్లగుడ్డ మీద రొట్టె తునకలు ఏరసాగింది.

"నాకు మిఠాయి కర్ర తెచ్చాడు వచ్చినప్పుడు. గులాబీ రంగుది. ఎంత కొరికినా లోపల మోర్కమ్ అనే అక్షరాలు వచ్చేవి. నేను అడిగితే, బారో నుంచి రైలు అటే వస్తుంది అన్నావ్."

"పైకెళ్లు మేరియన్."

"బారోలో కదా అమ్మా?"

"పైకెళ్లమన్నానా!"

పిల్ల వెళ్లింది. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. ఆల్మా దాన్ని తెరవలేదు, ముట్టుకోలేదు. హ్యామ్ పళ్లెం మీద మూత పెట్టింది. పీచు పళ్ల గిన్నె లోపల పెట్టొచ్చింది. అప్పుడు హెస్టర్ కోటు కొక్కెం మీంచి తీసి తెచ్చి పట్టుకుని నిలబడింది.

"ఆల్మా, నేను..."

"చెయ్యి పెట్టు." కోటు తొడిగింది, చిన్నపిల్లకి తొడిగినట్టు. "వచ్చే ఆదివారం రావద్దు."

మూడు వారాలు హెస్టర్ ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. నాలుగో వారం ఒక మంగళవారం మధ్యాహ్నం ఆఫీసుకి కింద నుంచి కబురొచ్చింది, మీకోసం ఎవరో వచ్చారని. మెట్ల కింద ఎర్నెస్ట్ నిలబడి ఉన్నాడు. మిల్లు బట్టలే, టోపీ చేతిలో. రెండు నెలల కిందట మిల్లులో వేలు నలిగింది, ఇప్పటికీ కట్టుంది. ఇద్దరూ వీధి చివర టీకొట్టులో కూర్చున్నారు.

తిట్టడానికి వచ్చాడనుకుంది. అతను చాలాసేపు టీలో చెంచా తిప్పాడు.

"మేరియన్‌కి చెప్పేశాం. ఆల్మానే చెప్పింది, ఆ రాత్రే. ఏమీ దాచలేదు."

"ఏమంది?"

"నన్నేమీ అనలేదు. వాళ్లమ్మతో మాట్లాడటం మానేసింది. 'నువ్వు వెళ్లిపోయావు సరే, అమ్మ రెండేళ్లూ నా మొహంలోకి చూసి అబద్ధం చెప్పింది' అంటుంది నాతో." చెంచా సాసరులో పెట్టాడు. "తప్పు చేసింది నేను, శిక్ష తనకి. ఎంత చెప్పినా ఆ పిల్ల వినదు."

"ఎర్నెస్ట్, నేను ఆ వాక్యం తీయించేస్తాను. మళ్లీ అచ్చువేసినప్పుడు..."

"అందుకు రాలేదు నేను." అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "నువ్వు రాసింది తప్పు. అది చెప్పిపోదామని వచ్చా. నీకు మాటల సంగతి తెలుసు, నాకు తెలీదు. కానీ మా సంగతి నాకు తెలుసు. మేం కలిసిపోయాం హెస్టర్. ఎప్పుడో కలిసిపోయాం."

హెస్టర్ కప్పు కింద పెట్టింది.

"ఊరికే కలిసిపోలేదు. వచ్చిన మొదటి ఏడాది నరకం. తను అనాల్సినవన్నీ అంది, నేను పడాల్సినవన్నీ పడ్డా. ఒకసారి పళ్లెం విసిరింది, ఇదిగో మచ్చ. ఆ తర్వాత సర్దుకుంది. ఇప్పుడు మేం సాయంత్రాలు రేడియో పెట్టుకుని కూర్చుంటాం, తను స్వెటరు అల్లుతుంటే ఉన్ని నేను పట్టుకుంటా. పాటలు పాడుతుంది వంటింట్లో. నువ్వెప్పుడైనా విన్నావా?"

"లేదు."

"వినవు. నువ్వు వచ్చేది ఆదివారం. నువ్వు వచ్చావంటే తల దించేసుకుంటుంది. అది నా మీద కోపం కాదు, నీ ముందు సిగ్గు."

"నా ముందు ఎందుకు?"

"అది తననే అడుగు," అన్నాడు ఎర్నెస్ట్. టోపీ పెట్టుకున్నాడు. "నేను చెబితే బాగోదు."

ఆ శనివారం హెస్టర్ ఎలండ్ వెళ్లింది. ఆల్మా గుమ్మం కడుగుతోంది, మోకాళ్ల మీద, బకెట్టు పక్కన. అక్కను చూసి లేవలేదు, బ్రష్షు ఆపలేదు.

"ఎర్నెస్ట్ వచ్చాడు నా దగ్గరికి," అంది హెస్టర్.

"తెలుసు. నేనే వెళ్లొద్దన్నా."

"నన్ను చూసి సిగ్గుపడతావట. నాకెందుకు చెప్పలేదు ఆల్మా? నేనేమన్నానని?"

ఆల్మా బ్రష్షు ఆపింది. "నిజంగా గుర్తు లేదా?"

"లేదు."

"ఆయన వచ్చిన మర్నాడు, ఈస్టర్ ఆదివారం, నువ్వు వచ్చావ్. వంటింట్లో నిలబడి, ఆయన వినేలా అన్నావ్. 'నేనైతే ఆ తలుపు తీసేదాన్ని కాదు. నీకు పౌరుషమన్నది లేకుండా పోయింది.' అన్నావా లేదా?"

హెస్టర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. అన్నది. చెల్లెలి పక్షాన నిలబడుతున్నాననుకుని అన్నది. అని, అదే పూట మర్చిపోయింది.

"ఏడేళ్లు," అంది ఆల్మా. "ఏడేళ్లూ నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే, నేను ఆయన్ని చూసి నవ్వితే నువ్వు ఏమనుకుంటావో అని భయం. దీనికి సిగ్గులేదు అనుకుంటావని. నా ఇంట్లో నేను, నా మొగుడికి టీ పోయడానికి భయపడ్డా. అయినా ప్రతివారం రమ్మన్నా. ఎందుకంటే నువ్వు ఒక్కదానివే ఉంటావ్, ఆదివారం పూట ఒక్కత్తే ఏం తింటుంది అని."

"ఆల్మా, క్షమించు. నేను అది పుస్తకంలో..."

"పుస్తకం సంగతి వదిలెయ్. మేరియన్‌కి ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదే. నాకు దాని బాధ కాదు." ఆమె లేచి నిలబడింది. మోకాళ్ల దగ్గర లంగా తడిసిపోయి ఉంది. "నా బల్ల దగ్గర కూర్చుని నా హ్యామ్ తింటూ నన్ను రాసుకున్నావ్ చూడు. అదీ. నీకు నేను ఏడుస్తూ చెప్పుకున్నది. రాసేముందు ఒక్కసారి అడగొచ్చుగా, 'ఆల్మా, మీరు బాగున్నారా' అని? అడిగితే చెప్పేదాన్ని. అంతా బాగుందని చెప్పేదాన్ని."

బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు వెయ్యలేదు. కానీ తడి గుమ్మం దాటి వెనకే వెళ్లే ధైర్యం హెస్టర్‌కి లేకపోయింది.

రెండో ముద్రణకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఆ పుస్తకం ఎన్ని బళ్లలో, ఎంతమంది పిల్లల సంచుల్లో తిరిగిందో. వాక్యం మార్చాలని హెస్టర్ అన్నప్పుడు ఆగ్డెన్ ఒప్పుకోలేదు.

"మతి పోయిందా మిస్ లమ్? ప్రాణమున్న వాక్యం అదే."

"అది నిజం కాదండీ."

"ఉదాహరణ వాక్యం నిజం కావాలని ఎవరన్నారు?"

"వాళ్లు కలిసిపోయారు. నాకే తెలీలేదు," అంది హెస్టర్. ఆ తర్వాత ఆమె కళ్లనీళ్లు తుడుచుకోవడం చూసి ఆయన ఇంకేమీ అడగకుండా కాగితం తీసుకున్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, పొలం గట్టు దగ్గర తగువు, ఏదో చప్పటి వాక్యం వేశారు. అది చదివి ఏ టీచరూ బోర్డు మీద రాసి ఉండదు.

మేరియన్ పద్దెనిమిదేళ్లకే నర్సు చదువని లీడ్స్ వెళ్లిపోయింది. క్రిస్మస్‌కి వచ్చేది, రెండు రోజులుండి వెళ్లేది. తండ్రితో మామూలుగానే ఉండేది, తల్లితో మాత్రం ఏదో పొడిగా ఉండిపోయింది. హెస్టర్‌కి అప్పుడప్పుడూ ఉత్తరం రాసేది. 'మీ మీద నాకు కోపం లేదు ఆంటీ, మీరొక్కరే నిజం రాశారు' అని ఒక ఉత్తరంలో రాసింది. హెస్టర్ జవాబు రాసింది, తాను రాసింది నిజం కాదని, ఎందుకు కాదో వివరంగా. ఆ ఉత్తరం తర్వాత చాలాకాలం మేరియన్ రాయలేదు. తాను కోపం పెంచుకోవడానికి ఆసరా అయిన మాట నిజం కాదని ఎవరు చెప్పినా కష్టంగానే ఉంటుంది.

1961 ఫిబ్రవరిలో ఎర్నెస్ట్ మగ్గాల మధ్యనే కూలిపోయాడు. గుండె. యాభై రెండేళ్లు. కబురు హెస్టర్‌కి పేపర్లో తెలిసింది. చర్చిలో వెనక వరసలో కూర్చుంది. మిల్లు వాళ్లు నిండుగా వచ్చారు. ఆల్మా నల్లకోటులో, పక్కన మేరియన్, తల్లి మోచేయి పట్టుకుని. శవపేటిక బయటికి వెళ్లేటప్పుడు ఆల్మా తలెత్తి దాన్నే చూస్తూ నిలబడింది, తలుపు దాటేదాకా. అలా చూడటం హెస్టర్ ఎప్పుడూ చూడలేదు. పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఏముందో తాను ఏనాడూ చూడలేదని అప్పుడు పూర్తిగా అర్థమైంది.

చర్చి హాల్లో టీ దగ్గర ఆల్మా ఆమెకూ చెయ్యి కలిపింది. "వచ్చినందుకు థాంక్స్ హెస్టర్," అంది, మిల్లు మేనేజరుతో అన్నట్టే.

హెస్టర్ ఆ తర్వాత ఏడాది కంపెనీ నుంచి దిగిపోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఎలండ్ బస్సులు కిటికీ ముందునుంచే వెళ్లేవి. మే నెలలో ఒక సోమవారం ఇంకేమీ ఆలోచించకుండా ఎక్కేసింది.

అది బట్టలుతికే రోజు. వీధికి అడ్డంగా కట్టిన తాళ్ల మీద దుప్పట్లు ఎగురుతున్నాయి. ఆల్మా ఆరిన పెద్ద దుప్పటిని దించి, ఒక్కత్తే మడవబోతోంది. ఒక కొస గడ్డం కింద పెట్టుకుంది, ఇంకో కొస గాలికి జారి నేలకి తగులుతోంది. హెస్టర్ ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. ఏం మాట్లాడాలో దారంతా అనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆల్మా చూసింది. చాలాసేపు చూసింది. నెరిసిన జుట్టు మొహం మీద పడుతుంటే పక్కకి నెట్టుకుంది.

"ఊరికే నిలబడతావేం? ఆ కొస పట్టుకో. కింద పడుతోంది."

హెస్టర్ సంచీ గోడ మీద పెట్టి కొస పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగి గుడ్డను గట్టిగా లాగారు. రెండు కొసలు కలిపి, దగ్గరికి నడిచి, హెస్టర్ చేతిలోది ఆల్మా అందుకుంది. వేళ్లు తగిలాయి. బట్టలుతికే సోడా నీళ్లకి ఆల్మా వేళ్లు ఎర్రగా, గరుగ్గా ఉన్నాయి. మళ్లీ వెనక్కి.

"ఆల్మా, నేను ఆ రోజు అన్నది..."

"వదులైంది. లాగు."

హెస్టర్ లాగింది. నాలుగు దుప్పట్లు, రెండు బల్లగుడ్డలు మడిచారు. ఆల్మా అన్నీ బుట్టలో పేర్చుకుని నడుం మీద పెట్టుకుంది.

"మేరియన్‌కి పెళ్లి కుదిరింది," అంది. "లీడ్స్ కుర్రాడు. రైల్వేలో."

"మంచివాడా?"

"ఇప్పటికైతే మంచివాడే." ఆల్మా పెదవి చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. లోపలికి రమ్మని అనలేదు. గుమ్మంలో ఒక క్షణం ఆగింది. "మళ్లీ సోమవారం వానట. మంగళవారం ఉతుకుతా."

మంగళవారం హెస్టర్ వెళ్లింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ఆల్మా కీళ్లనొప్పులతో లీడ్స్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయేదాకా, వారానికొకసారి వెళ్లి దుప్పట్లు మడిచి వచ్చేది. కాలం గడిచాక ఆల్మా ఒక కప్పు టీ కూడా ఇచ్చేది, వంటింట్లోనే, నిలబడి తాగేలా. మనవడి దగ్గు గురించి, బొగ్గు రేటు గురించి మాట్లాడుకునేవారు. ఎర్నెస్ట్ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ముందుగది తలుపు తెరిచే ఉండేది. అక్కడ బల్ల, దాని చుట్టూ నాలుగు కుర్చీలు కనిపించేవి. హెస్టర్ టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, మూడున్నర బస్సుకి బయల్దేరేది.